షూఫ్ కొండలు, డ్రూజులు: మతం కంటే ముందు మల్బరీ గట్లు చూడండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: ఆఫీసు పని మీద ఆరు నెలలు లెబనాన్ రాజధాని బీరూట్‌లో ఉండబోతున్నారు. దగ్గర్లో షూఫ్ అనే కొండ ప్రాంతం ఉందని, అది డ్రూజులు అనే మతస్తులదని విన్నారు. వాళ్లు ముస్లింలా కాదా, వాళ్ల మతం రహస్యమంటారు నిజమేనా, అక్కడ చూడ్డానికి ఏముంది, ఒక శని ఆదివారాలు సరిపోతాయా అని మీ ప్రశ్నలు. నేను 2009 నుంచి 2019 దాకా పదేళ్లు బీరూట్‌లో ఒక దిగుమతుల కంపెనీలో అకౌంట్స్ చూశాను. మా ఆఫీసు డ్రైవర్‌ది బరూక్ దగ్గర పల్లె, డ్రూజ్ కుటుంబం. చేరిన మొదటి నెలలోనే ఒక ఆదివారం నన్ను ఇంటికి తీసుకెళ్లాడు. ఆ తర్వాత నేను ఆ కొండెక్కని నెల చాలా తక్కువ. అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, తీరిగ్గా చదువుకోండి.

అక్కడికి వెళ్లే మనవాళ్లంతా మతం దగ్గర మొదలుపెడతారు, ఏదో గుట్టు తెలుసుకోవాలని చూస్తారు, ఏమీ తెలియక తిరిగొస్తారు. నేనూ అలాగే మొదలుపెట్టాను. నాకు ఆ కొండ అర్థమవడం మొదలైంది మాత్రం ఒక రాతి గట్టు మీద మల్బరీ చెట్టు చూసిన రోజున. మాది హిందూపురం పక్క పల్లె, మా ఇంట్లో పట్టుపురుగులు పెంచుతారు. మల్బరీ ఆకు ఎక్కడ కనిపించినా గుర్తుపడతాను. బండి ఆపించి "ఇది ఇక్కడెందుకుంది" అని అడిగాను. దానికి జవాబు చెబుతూ మా డ్రైవర్ వాళ్ల నాన్న నాలుగు వందల ఏళ్ల చరిత్ర చెప్పాడు. మీకూ అదే వరసలో చెబుతాను.

ముందు కొండ ఎలా ఉంటుందో. బీరూట్ నుంచి సముద్రం పక్కనే దక్షిణంగా ఓ ఇరవై కిలోమీటర్లు పోతే దామూర్ వస్తుంది, చుట్టూ అరటి తోటలు. అక్కడ రోడ్డు ఎడమకు తిరిగి నది లోయ వెంట పైకెక్కుతుంది. కాసేపటికి ఆలివ్ తోటలు, తర్వాత గొడుగుల్లా విచ్చుకున్న పైన్ చెట్లు (వాటి గింజలు అక్కడ బాదం కంటే ఖరీదు), ఆపైన సింధూర (ఓక్) వృక్షాల అడవి, పండ్ల తోటలు, చిట్టచివర దేవదారులు. సముద్రానికీ బరూక్ కొండ శిఖరానికీ మధ్య ముప్పై కిలోమీటర్ల దూరం కూడా లేదు, ఎత్తు మాత్రం 1,900 మీటర్లు దాటుతుంది. ఆకాశం తేటగా ఉన్న రోజు పైన నిలబడితే ఒకవైపు మధ్యధరా సముద్రం, వెనక్కి తిరిగితే బెకా లోయ. ఉత్తరాన దామూర్ నది, దక్షిణాన అవ్వలీ నది, ఈ రెండింటి మధ్య ఉన్నదే షూఫ్ అనుకోండి, స్థూలంగా.

కొండంతా సున్నపురాయి. చలికాలంలో పైన కురిసిన మంచు కరిగి రాతి పగుళ్లలోకి ఇంకిపోయి, కింద ఎక్కడో ఊటగా బయటికొస్తుంది. బరూక్ ఊట, సఫా ఊట చాలా పెద్దవి, ఎండాకాలంలో కూడా చెయ్యి పెడితే జివ్వుమంటుంది. ఊళ్ల పేర్లలో "ఐన్" అన్న మాట తరచూ వినిపిస్తుంది, దానర్థం ఊట. ఊట ఉన్నచోట ఊరు, ఊరి కింద గట్లు.

ఆ గట్లే షూఫ్‌లో నాకు అన్నిటికన్నా పెద్ద కట్టడం, ఏ రాజు మేడకన్నా. వాలు మీద మట్టి నిలవదు కాబట్టి రాళ్లు పేర్చి, సున్నం లేకుండా ఉత్త రాయి మీద రాయి పెట్టి గోడ కట్టి, వెనక మట్టి నింపి, మూడు నాలుగు గజాల వెడల్పు మడి తయారుచేస్తారు. దాని మీద ఇంకోటి, దాని మీద ఇంకోటి, కొండ అంచు దాకా. ఒక్కో మడిని "జల్" అంటారు. గట్టి వానకు పైవాడి గోడ కూలితే మట్టి, రాళ్లు కిందివాడి మడిలో పడతాయి. అందుకని పైవాడూ కిందివాడూ ఏ మతమైనా సరే, గోడ విషయంలో మాట్లాడుకోక తప్పదు.

ఇక మల్బరీ. మన దగ్గర మల్బరీ అంటే నడుమెత్తు పొద, వరసగా నాటి, బోరు నీళ్లతో పెంచి, ఏడాదికి నాలుగైదు పంటలు తీస్తాం. అక్కడ అది చెట్టు. చలికాలం ఆకు రాల్చేస్తుంది, వసంతంలో ఒక్కసారి చిగురిస్తుంది, ఆ చిగురు మీద ఏడాదికి ఒకే ఒక్క పంట. ఆ ఒక్క పంట మీదే కొండ మొత్తం బతికింది. పట్టు కాలాన్ని అక్కడ "మౌసిమ్" అంటారు, అంటే ఉత్త "కాలం" అని అర్థం. ఏ కాలం అని ఎవరూ అడగక్కర్లేదు. అప్పులు తీర్చడం, పెళ్లిళ్లు, ఇంటికి కప్పు వేసుకోవడం అన్నీ మౌసిమ్ తర్వాతే.

ఈ పట్టును పెద్ద ఎత్తున వ్యాపారంగా నిలబెట్టిన వాళ్లలో మొదట చెప్పుకోవాల్సింది రెండో ఫఖ్రుద్దీన్. మాన్ వంశం డ్రూజ్ అమీరు, 1572లో పుట్టాడు. ఒట్టోమన్ సుల్తాను తరఫున పన్ను వసూలు చేసే కొండ దొర. మీకు సులువుగా అర్థం కావాలంటే మా రాయలసీమ పాలెగాళ్లను తలుచుకోండి: పైన ఉన్న ప్రభువుకు కప్పం కడతారు, కింద తమ కొండలో తామే రాజులు, వీలైనప్పుడల్లా కప్పం ఎగ్గొడతారు. అక్కడ అలాంటి వాళ్లను "ముకాతాజీ" అనేవాళ్లు. ఫఖ్రుద్దీన్ అంతటితో ఆగలేదు. ఇటలీలోని టస్కనీ పాలకులతో 1608లో నేరుగా ఒప్పందం చేసుకున్నాడు. సుల్తాను సైన్యం మీదికొస్తే 1613లో ఓడెక్కి టస్కనీ వెళ్లిపోయాడు, ఐదేళ్లు ఇటలీ వైపే ఉండి 1618లో తిరిగొచ్చాడు. పట్టు సాగు పెంచడానికి పనివాళ్లు కావాలి, తన డ్రూజులు చాలలేదు, ఉత్తరాది కొండల నుంచి మారొనైట్ క్రైస్తవ రైతులు దిగి వచ్చి షూఫ్‌లో స్థిరపడేందుకు దారి తెరిచాడు. డ్రూజ్ దొర భూమి మీద క్రైస్తవ రైతు మల్బరీ పెంచడం అలా పెరిగింది. చివరికి 1633లో జెజ్జీన్ దగ్గర కొండ గుహలో దాక్కుని పట్టుబడ్డాడు, 1635లో ఇస్తాంబుల్‌లో చంపేశారు. లెబనాన్‌లో ఈ రోజుకీ అన్ని మతాల వాళ్లూ తమవాడని చెప్పుకునే మనిషి ఆయన.

ఆయన రాజధాని దైర్ అల్ కమర్, "చంద్రుడి మఠం" అని అర్థం. తప్పకుండా చూడండి. ఒక చిన్న మైదానం చుట్టూ 1493 నాటి మసీదు, పాత పట్టు వర్తకుల సత్రం, అమీర్ల మేడలు, కాస్త దూరంలో చర్చి, పాత యూదుల ప్రార్థన మందిరం కూడా. డ్రూజ్ దొరల రాజధానిలో ఎక్కువ మంది క్రైస్తవులు, అదీ విశేషం.

మాన్ వంశం 1697లో అంతరించాక షిహాబ్ వంశం వచ్చింది. 1711లో ఐన్ దారా దగ్గర డ్రూజుల్లోనే రెండు ముఠాల మధ్య పెద్ద యుద్ధం జరిగింది, ఓడిన ముఠా వాళ్లు చాలామంది కొండ వదిలి సిరియాలోని హౌరాన్ ప్రాంతానికి, నల్లరాతి నేలకు వలసపోయారు. ఇప్పుడు వార్తల్లో మీరు వింటున్న సువైదా డ్రూజుల్లో చాలామంది పూర్వీకులు అలా షూఫ్ వైపు నుంచి వెళ్లినవాళ్లే. అందుకే సువైదాలో ఏం జరిగినా బరూక్‌లో పొయ్యి వెలగదు. పెళ్లి సంబంధాలు, మేనమామలు, పిన్నమ్మలు అందరూ అక్కడా ఇక్కడా ఉంటారు.

తర్వాతి కథలో ఇద్దరు బషీర్లు. షిహాబ్ వంశపు రెండో బషీర్ 1788 నుంచి 1840 దాకా ఏలాడు. బైతుద్దీన్ మేడ ఆయనదే, ముప్పై ఏళ్లు కట్టించాడు, సఫా ఊట నీటిని మైళ్ల దూరం కాలువ తవ్వించి తెచ్చుకున్నాడు. బయటి ఆవరణ, నడి ఆవరణ, లోపలి అంతఃపురం, ఆ హమ్మాం (స్నానశాల), చెక్క మీద నగిషీ, కింద గుర్రపుశాలల్లో పెట్టిన పాత బైజాంటైన్ మొజాయిక్‌లు, అన్నీ చూడటానికి కనీసం రెండు గంటలు పెట్టుకోండి. ఆయనకు ఎదురుగా ముఖ్తారా ఊళ్లో బషీర్ జుంబ్లాత్, డ్రూజుల్లో అందరికన్నా బలమైన దొర. మొదట స్నేహితులు, తర్వాత శత్రువులు. 1825లో జుంబ్లాత్‌ని పాలస్తీనా తీరంలోని అక్కా (ఏకర్) కోటలో చంపించారు, అమీరు ఆయన భూములు లాగేసుకున్నాడు, ఇంకొందరు డ్రూజ్ దొరలు దేశం వదిలి పోవాల్సి వచ్చింది. 1831లో ఈజిప్టు సైన్యం వచ్చి డ్రూజుల ఆయుధాలు లాక్కుంది, తిరగబడితే 1838లో వాళ్ల మీదికి క్రైస్తవులకు తుపాకులిచ్చి పంపింది. 1840లో ఈజిప్టు వాళ్లు పోయారు, బషీర్‌ని మాల్టాకు పంపేశారు, వెళ్లిపోయిన డ్రూజ్ దొరలు తిరిగొచ్చి మా భూములు మాకిచ్చేయమన్నారు. ఈలోపు ఆ భూముల మీద పట్టు డబ్బుతో పైకొచ్చిన క్రైస్తవ రైతులు, వర్తకులు ఉన్నారు, వాళ్లిక ఎవరికీ లొంగి ఉండదలుచుకోలేదు.

ఇది చదివాక 1860 ఎందుకు జరిగిందో మీకు విడిగా చెప్పక్కర్లేదు. పైకి మతయుద్ధంలా కనిపిస్తుంది, లోపల భూమి, కౌలు, అప్పు, అవమానం. 1841లో మొదటి గొడవలు, 1860 వేసవిలో పూర్తిస్థాయి మారణకాండ, దైర్ అల్ కమర్‌లో జూన్ నెలలో జరిగింది చాలా ఘోరం. కొండ మొత్తం మీద వేలమంది చనిపోయారు, ఎక్కువమంది క్రైస్తవులు. పొరుగువాళ్లను ఇంట్లో దాచి కాపాడిన డ్రూజ్ కుటుంబాలూ ఉన్నాయి. యుద్ధంలో డ్రూజులు గెలిచారు, కానీ ఫ్రెంచ్ సైన్యం దిగడంతో రాజకీయంగా ఓడిపోయారు. 1861 నుంచి కొండ మొత్తాన్ని స్థానికుడు కాని క్రైస్తవ ఒట్టోమన్ గవర్నరు కింద పెట్టారు.

ఆ తర్వాత అర్ధశతాబ్దం పట్టుకు మంచి రోజులు. ఫ్రెంచ్ వాళ్లు 1840 ప్రాంతంలోనే షూఫ్‌కు ఉత్తరాన బ్తాతెర్‌లో దారం తీసే మిల్లు పెట్టారు, తర్వాత కొండంతా మిల్లులే, దారమంతా ఫ్రాన్సులోని లియోన్ నగరానికి. ఆ మిల్లును ఏమనేవాళ్లో తెలుసా? "కర్ఖానా". అచ్చం మన కార్ఖానా, రెండు చోట్లకీ పారసీ నుంచే వచ్చింది. ఊళ్లో ఆడపిల్లలు మొదటిసారి ఇల్లు దాటి జీతానికి పనికెళ్లింది ఆ కర్ఖానాలకే. మరుగుతున్న నీళ్ల తొట్టెలో గూళ్లు వేసి కొస వెతకడం, చేతులు పొక్కిపోవడం, ఇవన్నీ నాకు మా ఊరి రీలింగ్ షెడ్లలో చూసినవే. అలా పనికెళ్లినందుకు ఆ పిల్లలు పడ్డ మాటలు ఎన్నో. "కర్ఖానా" అన్న మాటే అక్కడ తర్వాత్తర్వాత బూతు మాటగా మారిపోయింది, దయచేసి మీరు మామూలు ఫ్యాక్టరీకి ఆ మాట వాడకండి. వాళ్ల కష్టం మీద కొండ బతికింది, పేరు మాత్రం అలా చెడగొట్టారు. నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

మొదటి ప్రపంచయుద్ధం వచ్చింది, ఓడరేవులు మూసేశారు, 1915లో మిడతల దండు, తర్వాత కరువు. గట్ల మీద తిండి గింజలు లేవు, ఉన్నదంతా మల్బరీ. పట్టు అమ్మి గోధుమ కొనుక్కునే కొండకు పట్టు కొనేవాడూ లేడు, గోధుమ తెచ్చే దారీ లేదు. కొండ లెబనాన్ జనాభాలో మూడో వంతు దాకా పోయారని అంచనా. ఎంతోమంది హౌరాన్‌కు, అక్కడి డ్రూజుల దగ్గరికి తిండి కోసం నడిచి వెళ్లారు. ఒకే పంటను నమ్ముకున్న రైతు కుటుంబం నుంచి వచ్చినవాణ్ని కాబట్టి ఈ భాగం విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు. యుద్ధం తర్వాత జపాన్ పట్టు, కృత్రిమ పట్టు కలిసి మిగిలింది కూడా ఊడ్చేశాయి. మల్బరీ కొట్టేసి ఆపిల్, ద్రాక్ష, ఆలివ్ వేశారు. ఇప్పుడు అక్కడక్కడ మిగిలిన మల్బరీ చెట్లు నీడకీ, పండ్లకీ ఉంచుకున్నవే.

అంతకుముందు నుంచే కొండ వాళ్లు దక్షిణ అమెరికాకు వలస పోతున్నారు. తిరిగొచ్చినవాళ్లు అర్జెంటీనా నుంచి మాతే తాగే అలవాటు తెచ్చారు. మీరు ఏ డ్రూజ్ ఇంటికెళ్లినా చిన్న బుర్రలాంటి గిన్నెలో ఆకుపొడి, వేడినీళ్లు, లోహపు గొట్టం, అదే మాతే. ఒకే గొట్టం అందరి చేతులూ మారుతుంది, మధ్యలో నిమ్మతొక్కతో మూతి రుద్ది శుభ్రం చేస్తారు. మన ఎంగిలి పట్టింపు వల్ల మొదటిసారి నేను వెనక్కి జరిగాను, ఆ ఇంటి పెద్దాయన ముఖం చిన్నబోయింది. రెండోసారి తీసుకున్నాను. మీరు మొదటిసారే తీసుకోండి. ఇక చాలు అనుకున్నప్పుడే "షుక్రన్" అనాలి, ముందే అంటే మళ్లీ ఇవ్వరు.

ఇరవయ్యో శతాబ్దం గురించి తొందరగా చెబుతాను. ముఖ్తారా దొర ఫువాద్ జుంబ్లాత్‌ని 1921లో చంపేశారు. కొడుకు కమాల్‌కి అప్పటికి నాలుగేళ్లు కూడా నిండలేదు. భార్య నజీరా ఆ పెద్దరికం తనే తీసుకుని రెండు దశాబ్దాలకు పైగా నడిపించింది, ఆమెను గౌరవంగా "సిత్ నజీరా" అంటారు. కమాల్ జుంబ్లాత్ 1949లో సోషలిస్టు పార్టీ పెట్టాడు. మనకు ఆసక్తి కలిగించే సంగతి ఏమిటంటే ఆయన వేదాంతం నేర్చుకోవడానికి తిరువనంతపురం వెళ్లి ఆత్మానంద కృష్ణ మీనన్ గారి శిష్యుడయ్యాడు, గాంధీ అంటే చాలా గౌరవం. నేను ఇండియా వాణ్నని చెప్పగానే ఊళ్లో ముసలివాళ్లు ముందు ఈ మాటే ఎత్తేవాళ్లు. 1977 మార్చి 16న కారులో వెళ్తుండగా ఆయన్ని కాల్చి చంపారు. ఆ కోపంలో వెంటనే చుట్టుపక్కల ఊళ్లలో దానితో ఏ సంబంధమూ లేని క్రైస్తవులను వందమందికి పైగా చంపేశారు. 1982లో ఇజ్రాయెల్ సైన్యం వచ్చింది, 1983 సెప్టెంబరులో షూఫ్ నుంచి వెనక్కి పోగానే "కొండ యుద్ధం" మొదలైంది. ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయ్యాయి, దైర్ అల్ కమర్ మూడు నెలలు ముట్టడిలో ఉంది, లక్షమందికి పైగా క్రైస్తవులు ఇళ్లు వదిలారు.

తిరిగి రావడం తొంభైల్లో మొదలైంది, చాలా మెల్లగా. 2001 ఆగస్టులో మారొనైట్ మతపెద్ద నస్రల్లా స్ఫైర్ ముఖ్తారాకు వచ్చి కమాల్ కొడుకు వలీద్ జుంబ్లాత్‌ని కలిశాడు, అదే "కొండ సయోధ్య". మా డ్రైవర్ వాళ్ల ఊళ్లో పై గట్టు డ్రూజులది, కింద గట్టు ఒక మారొనైట్ కుటుంబానిది. పదిహేనేళ్లకు పైగా ఆ కుటుంబం లేనప్పుడు కూడా వీళ్ల నాన్న ఆ కింద గోడను ఏటా సరిచేస్తూ వచ్చాడట. ఎందుకని అడిగితే "అది కూలితే నాది నిలవదు కదా" అన్నాడు, అంతే, ఇంకేం చెప్పలేదు. అందరూ తిరిగి రాలేదు. చాలామంది వేసవిలో వచ్చి తాళం తీసి, శరత్తులో తాళం వేసుకుని బీరూట్ పోతారు. మీరు వెళ్లే ఊళ్లలో మూసిన కిటికీలు చాలా కనిపిస్తాయి, వాటి గురించి మీ అంతట మీరు ఎత్తకండి, వాళ్లు చెబితే వినండి.

ఇప్పుడు మతం సంగతి. పదకొండో శతాబ్దం మొదట్లో, 1017లో, కైరోలో ఫాతిమీ ఖలీఫా అల్ హాకిం కాలంలో మొదలైంది, మూలం షియాల్లోని ఇస్మాయిలీ శాఖ. 1043లో ద్వారం మూసేశారు, అప్పటినుంచి ఎవరూ కొత్తగా చేరలేరు. వాళ్లు తమను "మువహ్హిదూన్" అంటారు, దేవుడొక్కడే అని నమ్మేవాళ్లు అని అర్థం. ప్రపంచం మొత్తం మీద పది లక్షల మంది దాకా ఉంటారు, లెబనాన్ జనాభాలో ఓ ఐదు శాతం, అక్కడి పార్లమెంటు 128 సీట్లలో 8 వాళ్లవి. ముస్లింలా అంటే, రాజ్యాంగ లెక్కల్లో ముస్లిం వర్గంలోనే లెక్కేస్తారు, కానీ వాళ్ల కోర్టులు వేరు, వివాహ చట్టం వేరు, రెండో పెళ్లి నిషేధం. మనిషిని అడిగితే ఒకరు అవునంటారు, ఒకరు కాదంటారు. రెండింటినీ గౌరవించండి.

రహస్యం అన్నది చాలా అపార్థమైన మాట. వాళ్లలో దీక్ష తీసుకున్నవాళ్లు "ఉక్కాల్", తీసుకోనివాళ్లు "జుహ్హాల్". గ్రంథాలు చదివేది, గురువారం సాయంత్రం ఖల్వాలో (వాళ్ల ప్రార్థన స్థలం) కూర్చునేది ఉక్కాల్ మాత్రమే. తెల్ల తలపాగా, నల్ల షిర్వాల్ (వదులు పైజామా) వేసుకున్న పెద్దలు, తెల్లటి పల్చని ముసుగు కప్పుకున్న ఆడవాళ్లు వీళ్లే. దీక్షకు ఆడవాళ్లకూ సమానంగా అర్హత ఉంది. అంటే మా డ్రైవర్‌కి కూడా తన మతగ్రంథంలో ఏముందో తెలియదు, మీకు చెప్పకుండా దాచడం లేదు. నాకు ఈ ముక్క అర్థమయ్యాక అడగడం మానేశాను, మనసు తేలికపడింది.

అందరూ నమ్మేది, దాపరికం లేకుండా మాట్లాడేది పునర్జన్మ. దాన్ని "తకమ్ముస్" అంటారు, కమీసు అన్న మాట నుంచి వచ్చింది, అంటే చొక్కా మార్చుకోవడం. గీతలో పాత బట్ట విడిచి కొత్త బట్ట కట్టుకున్నట్టు అన్న శ్లోకం నేను తెలుగులో చదివి, వచ్చీరాని అరబ్బీలో అర్థం చెబితే ఆ ఇంట్లో అందరూ నిశ్శబ్దంగా విన్నారు. కానీ తేడాలున్నాయి, కలిపేయకండి. వాళ్ల నమ్మకంలో మనిషి మళ్లీ మనిషిగానే పుడతాడు, జంతువుగా కాదు. మధ్యలో ఎడం లేదు, పోయిన క్షణమే ఇంకోచోట పుడతాడు. డ్రూజ్ మళ్లీ డ్రూజ్‌గానే. కొందరు పిల్లలు పోయిన జన్మలో ఫలానా ఊళ్లో ఫలానా ఇంట్లో ఉన్నానని చెబితే, రెండు కుటుంబాలూ కలిసి చుట్టరికం కలుపుకుంటాయి. యుద్ధంలో కొడుకు పోయిన తల్లికి ఆ చుట్టరికం ఎంత ఊరటో నేను కళ్లారా చూశాను.

మర్యాదలు కొన్ని. దీక్ష తీసుకున్న ఆడవాళ్లకు మగవాళ్లు చెయ్యి చాపకూడదు, గుండె మీద చెయ్యి పెట్టుకుంటే చాలు. పెద్దల ఫొటో అడగకుండా తీయొద్దు. ఖల్వా లోపలికి పోవద్దు. కాఫీ చక్కెర లేకుండా చేదుగా ఇస్తారు, చాలనుకుంటే కప్పు కాస్త ఊపి తిరిగివ్వాలి. ఒక గమ్మత్తు చెబుతాను: బీరూట్‌లో కాఫీని "అహ్వె" అంటారు, డ్రూజులు గొంతు లోపలి నుంచి "క" పలికి "కహ్వె" అంటారు. నోరు తెరవగానే ఎక్కడివాడో తెలిసిపోతుంది. నేను కొండమీద నేర్చుకున్న అరబ్బీ ఆఫీసులో మాట్లాడితే, "నీకు ఈ కాఫ్ (ఆ 'క' అక్షరం) ఎక్కడిది" అని అందరూ అడిగేవాళ్లు.

తిండి: పెనం బోర్లించినట్టుండే సాజ్ మీద కాల్చిన కాగితంలాంటి పల్చటి రొట్టె తినాలి. వేసవి చివర వెళ్తే మిద్దెల మీద కిష్క్ ఎండబెడుతుంటారు, గోధుమ రవ్వను పెరుగులో పులియబెట్టి ఆరబెట్టి పొడి చేసి చలికాలం చారు కాచుకుంటారు. మా అమ్మ మిద్దె మీద చల్ల మిరపకాయలు ఆరబెట్టే వాసనే, ఇంచుమించు.

మీ ప్రశ్నకు వస్తే, రెండు రోజులు ఇలా పెట్టుకోండి. మొదటి రోజు ఉదయం దైర్ అల్ కమర్, మధ్యాహ్నం బైతుద్దీన్, సాయంత్రం బాక్లీన్‌లో ఒకప్పుడు ఒట్టోమన్ సెరాయిగా (సర్కారు కచేరీగా), తర్వాత జైలుగా ఉండి ఇప్పుడు గ్రంథాలయమైన భవనం చూసి, పైన ఏదైనా ఊళ్లో రాత్రి ఉండండి. రెండో రోజు తెల్లవారే మాసిర్ లేదా బరూక్ దేవదారు వనానికి. ఇవి 1996లో ఏర్పడిన షూఫ్ సెడార్ రక్షిత ప్రాంతంలోవి, మొత్తం 550 చదరపు కిలోమీటర్లు, దేశం విస్తీర్ణంలో ఐదు శాతం. మన హిమాలయ దేవదారుకు ఈ చెట్టు దగ్గరి చుట్టం, కొమ్మలు అంతస్తులు అంతస్తులుగా బల్లపరుపుగా పరుచుకుంటాయి. దిగేటప్పుడు ముఖ్తారా, వీలైతే నీహాలో అయ్యూబు ప్రవక్త దర్గా. చలికాలం మంచుకు పై దారులు మూసేస్తారు, మే, జూన్ నెలలు మంచివి, మల్బరీ పళ్లు కూడా అప్పుడే. బయల్దేరే వారం మన రాయబార కార్యాలయం సూచనలు చూసుకోండి, ఆ దేశంలో పరిస్థితి తొందరగా మారుతుంది, ఊళ్లో తెలిసినవాళ్లు వద్దంటే వెళ్లొద్దు.

చివరగా ఒకటి చెప్పాలనుంది. మా డ్రైవర్ వాళ్ల నాయనమ్మకు అప్పటికి తొంభై ఏళ్లుంటాయి, తెల్ల ముసుగు, చూపు తగ్గింది, మాట గట్టిది. వాళ్లమ్మ కర్ఖానాలో పనిచేసిందట. పట్టుపురుగు గుడ్లు పొదగడానికి గుడ్డలో చుట్టి రొమ్ము దగ్గర పెట్టుకుని తిరిగేవాళ్లని, ఇంట్లో ఆ వారం ఎవరూ గట్టిగా కేకలేయకూడదని చెప్పింది. మా ఇంట్లో ఇప్పటికీ పురుగులు పెంచుతారని నేనంటే నమ్మలేదు. అప్పుడే ఊరికి వీడియో కాల్ చేశాను. అమ్మ షెడ్లోనే ఉంది, పురుగులు గూళ్లు అల్లుతున్నాయి, ఫోను తిప్పి చంద్రికలన్నీ (పురుగులు గూళ్లు అల్లే తట్టలు) చూపించింది. నాయనమ్మ ఫోనును ముక్కు దాకా తెచ్చుకుని చాలాసేపు చూసింది. మా అమ్మకు అరబ్బీ రాదు, ఆమెకు తెలుగు రాదు, మధ్యలో నేను. ముందు అడిగింది, రాత్రి ఎన్నిసార్లు లేచి ఆకు వేస్తారని. అమ్మ చెప్పింది. తర్వాత గూళ్లు పసుపా తెలుపా అని. ఆ తర్వాత కిలో ఎంతకు పోతాయని అడిగితే, అమ్మ ఆ రోజు హిందూపురం మార్కెట్ రేటు చెప్పింది. నేను దాన్ని వాళ్ల లీరాల్లోకి మార్చి చెబితే, ఆవిడ వేళ్ల మీద ఏదో లెక్కేసుకుని, దళారి ఎంత తీసుకుంటాడో కూడా అడగమంది.